డయాలసిస్ మనిషి ఉన్నట్టుండి తికమకపడితే ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి

నిన్నటిదాకా పింఛను డబ్బు రూపాయితో సహా లెక్క చెప్పిన పెద్దాయన ఇవాళ పొద్దున్న కూతురి మొహం చూసి "ఎవరమ్మా నువ్వు" అంటాడు. వారానికి మూడుసార్లు తెనాలి నుంచి గుంటూరుకి తానే బస్సెక్కి వచ్చే ఆవిడ ఒకరోజు బస్టాండులో ఎటు నడవాలో తోచక నిలబడిపోతుంది. ఇంట్లోవాళ్ళు ముందుగా అనే మాట "వయసైపోయింది కదండీ". ఆ తర్వాత "డయాలసిస్‌తో విసిగిపోయారు, మనసు బాలేదు". కొన్ని ఇళ్ళల్లో "గాలి సోకింది" అని కూడా అంటారు. ఏ మాట అన్నా, అది అనుకుంటూ కూర్చున్నంతసేపూ ఆ మనిషికి చికిత్స ఆలస్యమవుతూనే ఉంటుంది.

నేను డయాలసిస్ యూనిట్లో నర్సును. విజయవాడలోనూ గుంటూరులోనూ పనిచేశాను. సూర్యారావుపేట ఆస్పత్రులకీ, కొత్తపేట ఆస్పత్రులకీ నందిగామ, నరసరావుపేట, తిరువూరు, ఏ.కొండూరు తండాల నుంచి వచ్చే కుటుంబాలను దగ్గరగా చూశాను. వాళ్ళకి నోటితో చెప్పేదంతా ఒకచోట రాసిపెడితే ఇంకొందరికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

గంటల్లో గానీ, ఒకటి రెండు రోజుల్లో గానీ మనిషి ధ్యాస చెదిరిపోయి, మాటకి మాటకి పొంతన లేకుండా, కాసేపు బాగుండి కాసేపు బాగోకుండా ఉంటే డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు. పెద్దవాళ్ళు జ్వరంలో సంధి కొట్టింది అనేది దీన్నే. ఒంట్లో ఎక్కడో ఏదో చెడితే అది మెదడు మీద ఇలా తేలుతుంది. డయాలసిస్ వాళ్ళలో చెడినది చాలాసార్లు సరిచెయ్యదగినదే అయి ఉంటుంది: పడిపోయిన షుగర్, రక్తంలో చేరిన ఇన్‌ఫెక్షన్, కొత్తగా వేసుకున్న ఒక మాత్ర, ఎగ్గొట్టిన ఒక డయాలసిస్. పట్టించుకోకపోతే పడిపోవడాలు, ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సిరావడం, జ్ఞాపకశక్తి తగ్గిపోవడం, చివరికి ప్రాణానికే ముప్పు. డెలీరియం వచ్చినవాళ్ళలో ఇవన్నీ రానివాళ్ళకంటే ఎక్కువగా కనిపిస్తాయి.

డ్యూటీ డాక్టరుకి తెలియని సంగతి ఒకటి మీకు తెలుసు. నిన్న ఈ మనిషి ఎలా ఉన్నాడన్నది. దాన్ని సరిగ్గా పట్టుకుని, సరిగ్గా ఆస్పత్రికి చేర్చడమే మీరు చెయ్యాల్సిన పనిలో సగం.

1. బాగున్న రోజునే ఒక నోటుపుస్తకం పెట్టండి

తికమక మొదలయ్యాక రాయడానికి తీరిక ఉండదు. మనిషి బాగున్న రోజున, కాఫీ తాగుతూ, ఆయన ముందే కూర్చుని రాయండి. మొదటి పేజీలో డయాలసిస్ ఏ ఏ రోజుల్లో, ఏ షిఫ్టు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఎంత, ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన చేతి రక్తనాళం) ఏ చేతికి ఉంది లేదా క్యాథెటర్ (రక్తనాళంలోకి పెట్టిన గొట్టం) ఎక్కడ ఉంది, రోజుకి మూత్రం ఎంత వస్తోంది, మామూలుగా బీపీ ఎంత ఉంటుంది, షుగర్ ఉంటే ఇన్సులిన్ ఏది, ఎన్ని యూనిట్లు. రెండో పేజీలో మందులన్నీ.

మూడో పేజీ చాలామంది రాయరు. నా లెక్కలో అదే ముఖ్యం. ఈ మనిషి మామూలు రోజున ఏం చేస్తాడు? పేపరు చదువుతాడా, మనవల పేర్లు వరసగా చెబుతాడా, తన మాత్రలు తానే వేసుకుంటాడా, ఫోన్ చెయ్యగలడా, చెవి ఎంత వినిపిస్తుంది, కళ్ళజోడు లేకపోతే కనిపిస్తుందా? చివరగా ఒక చిన్న పరీక్ష చేసి ఫలితం రాసుకోండి. వారాలు వెనక్కి చెప్పమనండి: ఆదివారం, శనివారం, శుక్రవారం, అలా. చదువుకోనివాళ్ళు కూడా ఇది చెప్పగలరు. కొందరు ఇరవై నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టడం తేలిగ్గా చేస్తారు. బాగున్న రోజున చెప్పగలిగారో లేదో తెలిస్తేనే, బాగోలేని రోజున చెప్పలేకపోవడానికి అర్థం ఉంటుంది.

2. అనుమానం రాగానే రెండు నిమిషాలు పరీక్షించండి

పక్కన కూర్చోండి. టీవీ కట్టేయండి. కళ్ళజోడు పెట్టండి. పేరుపెట్టో వరసపెట్టో పిలవండి. "నాన్నా, ఇవాళ ఏం వారం? డయాలసిస్ ఎప్పుడయింది?" అని అడిగి, వారాలు వెనక్కి చెప్పమనండి. జవాబు తప్పడం కంటే జవాబు చెప్పే తీరు చూడండి. మధ్యలో ఆగి గోడకేసి చూడటం, అడిగింది మరిచిపోవడం, మొదటి ప్రశ్నకి చెప్పిన జవాబే అన్నిటికీ చెప్పడం, ఇవి ధ్యాస నిలవడం లేదనడానికి గుర్తులు.

డాక్టర్లు వాడే క్యామ్ అనే పద్ధతి 1990లో వచ్చింది. అందులో నాలుగు చూస్తారు. ఉన్నట్టుండి మొదలై హెచ్చుతగ్గులుగా ఉండటం ఒకటి, ధ్యాస నిలవకపోవడం రెండు, ఆలోచనలో పొంతన లేకపోవడం మూడు, మెలకువ తీరు మారడం నాలుగు. మొదటి రెండూ ఉండి, మిగతా రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా డెలీరియం కింద లెక్క. మొదటిదానికి జవాబు చెప్పగలిగింది ఇంట్లోవాళ్ళే. మూడో పేజీ ఎందుకు రాయమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

గొడవ చేసే రకాన్ని అందరూ గుర్తుపడతారు. లేచి వెళ్ళిపోతానంటారు, సూదులు పీకేస్తారు, గోడమీద పురుగులున్నాయంటారు, రాత్రంతా పలవరిస్తారు. తప్పిపోయేది నిశ్శబ్దంగా ఉండే రకం. మనిషి మంచం దిగడు, అన్నం పెడితే ముద్ద నోట్లోనే పెట్టుకుని ఉంటాడు, పిలిస్తే ఊ అంటాడు, మళ్ళీ కళ్ళు మూస్తాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టడు గనక "పాపం, నీరసంగా ఉన్నారు, పడుకోనివ్వండి" అంటారు. పెద్దవయసులో ఈ రకమే ఎక్కువ, ఆలస్యంగా బయటపడేదీ ఇదే.

మరి డయాలసిస్ అయ్యాక అందరికీ వచ్చే నీరసం సంగతేమిటి? ఆ నీరసంలో ఉన్న మనిషి నిద్రపోతాడు, కానీ లేపితే లేస్తాడు, మిమ్మల్ని గుర్తుపడతాడు, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పి మళ్ళీ పడుకుంటాడు. కొన్ని గంటల్లోనో మర్నాటికో తేరుకుంటాడు. లేపినా మాట కుదరకపోతే అది నీరసం కింద వదిలేసేది కాదు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆ జబ్బు నెలలు, ఏళ్ళ మీద నెమ్మదిగా ముదురుతుంది. రెండు రోజుల్లో దిగజారితే దాని మీద డెలీరియం వచ్చి పడిందని అనుమానించాలి. మతిమరుపు ఉన్నవాళ్ళకి ఇది మరింత తేలిగ్గా వస్తుంది.

3. ఆస్పత్రికి బయల్దేరేలోపు ఇంట్లో చూడాల్సినవి

ముందు షుగర్. షుగర్ జబ్బు ఉన్నవాళ్ళకైతే ఇంకేదీ చూడకముందే ఇది చూడాలి. కిడ్నీలు పనిచెయ్యనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. పాత మోతాదే వేస్తూ, తిండి తగ్గితే షుగర్ పడిపోతుంది. 70 కంటే తక్కువ ఉండి, మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజ్ పొడి గానీ కొద్దిపాటి నీళ్ళలో కలిపి తాగించండి. బత్తాయి రసం, కొబ్బరినీళ్ళు వద్దు, వాటిలో పొటాషియం ఉంటుంది. పావుగంటకి మళ్ళీ చూడండి. షుగర్ చూసే మిషను లేకపోతే, ఇన్సులిన్ వేసుకునే మనిషి తికమకపడితే షుగర్ పడిపోయిందనే అనుకుని పంచదార ఇవ్వండి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు తేరుకున్నా ఇంట్లోనే ఉండిపోకూడదు. గంటల తర్వాత షుగర్ మళ్ళీ పడిపోవచ్చు. ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే.

తర్వాత బీపీ, ఫిస్టులా లేని చేతికి. పైది 90 కంటే తక్కువ ఉన్నా, 180 దాటి ఉన్నా, తికమకతో కలిసి ఉంటే అది అత్యవసరం. తర్వాత జ్వరం. 100.4 దాటితే రాసుకోండి. డయాలసిస్ వాళ్ళకి ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, కాబట్టి థర్మామీటరు మామూలుగా చూపించినా నిశ్చింత వద్దు. మెడలోనో ఛాతీలోనో క్యాథెటర్ ఉన్నవాళ్ళకి మిషను మీద ఉండగా చలి వణుకు వచ్చిందా అని గుర్తుచేసుకోండి. క్యాథెటర్ ద్వారా రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిందనడానికి అది గట్టి గుర్తు. ఇంట్లో పొట్ట డయాలసిస్ చేసుకునేవాళ్ళయితే బయటికి వచ్చిన నీళ్ళు మసకబారి ఉన్నాయా చూడండి.

తలకి దెబ్బ తగిలిందా? ఇవాళే కానక్కర్లేదు. రెండు మూడు వారాల కిందట బాత్‌రూంలో జారి తల తగిలినా లెక్కే. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, చాలామంది గుండెకని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా వేసుకుంటారు. మెదడు పైపొర కింద రక్తం నెమ్మదిగా చేరి, రోజుల తర్వాత తికమకగా బయటపడుతుంది. ఎవరూ అడగకపోయినా ఈ సంగతి డాక్టరుకి మీరే చెప్పాలి.

ఫిస్టులా మీద చెయ్యి పెట్టి చూడండి. ఎప్పటిలా సన్నగా అదురుతోందా? బీపీ బాగా పడిపోయినప్పుడు అది మూసుకుపోవచ్చు.

మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం, ఆయాసం, కాళ్ళు చచ్చుబడినట్టు బలహీనపడటం, వీటిలో ఏది కనిపించినా ఇంకేమీ కొలవకుండా 108కి ఫోన్ చెయ్యండి. "డయాలసిస్ పేషెంట్" అన్న మాట ఫోన్‌లోనే చెప్పండి.

4. ఈ పనులు మాత్రం చెయ్యకండి

నిద్రమాత్ర వెయ్యకండి. ఊళ్ళో ఆర్ఎంపీ గారి చేత మత్తింజెక్షన్ చేయించకండి. మనిషి ప్రశాంతంగా కనిపిస్తాడు గానీ లోపలి కారణం అలాగే ఉంటుంది, పైగా ఎవరికీ కనిపించకుండా పోతుంది. మత్తుగా ఉన్న మనిషి నోట్లో మజ్జిగో అన్నమో బలవంతంగా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతులు మంచానికి కట్టకండి, భయం పెరిగి పెనుగులాట ఎక్కువవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, "ఇలా ఉన్నప్పుడు ఏం తీసుకెళ్తాం, తగ్గాక వెళ్దాం" అని డయాలసిస్ మానెయ్యకండి. మానేస్తే మలినాలు ఇంకా పేరుకుని తికమక ఇంకా పెరుగుతుంది, ఇంకో రోజు మానాల్సివస్తుంది. యూనిట్‌కి ఫోన్ చేసి పరిస్థితి చెప్పండి. ఎక్కడ, ఎలా చెయ్యాలో వాళ్ళు నిర్ణయిస్తారు. దేవుడికి మొక్కుకోవడం, తాయెత్తు కట్టించుకోవడం మీ ఇష్టం. కాకపోతే అది ఆస్పత్రి దారిలో చెయ్యండి, ఆస్పత్రికి బదులుగా వద్దు.

5. మందుల సంచి మొత్తం బోర్లించండి

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు ఇక్కడ చెయ్యగలిగింది చాలా ఉంది.

కిడ్నీ బయటికి పంపాల్సిన మందుని కిడ్నీ లేని మనిషికి మామూలు మోతాదులో ఇవ్వడం, తూము మూసిన చెరువులోకి కాలువ వదలడమే. రోజూ కొంచెం కొంచెం చేరుతుంది. మూడో రోజో నాలుగో రోజో మెదడు మీద పడుతుంది. ఇంట్లోవాళ్ళు "ఆ మాత్ర వేసిన రోజు బాగానే ఉన్నారు కదా" అంటారు. అందుకే నిన్నటి మందులొక్కటే చాలవు, గడిచిన రెండు వారాల్లో కొత్తగా వచ్చిన ప్రతి మందూ చూడాలి.

అరికాళ్ళ మంటలకీ తిమ్మిర్లకీ ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ ముందు చూడండి. డయాలసిస్ వాళ్ళకి ఇవి చాలా తక్కువ మోతాదులో, తరచుగా డయాలసిస్ అయిన తర్వాత మాత్రమే ఇస్తారు. ఎముకల డాక్టరుకి డయాలసిస్ సంగతి చెప్పకపోతే మామూలు మోతాదు రాసేస్తారు. మత్తు, తూలడం, చేతులు ఉలిక్కిపడినట్టు అదరడం వీటి గుర్తులు.

బాక్లోఫెన్ పేరు గుర్తుపెట్టుకోండి. నడుం పట్టేసిందనీ, ఆగని ఎక్కిళ్ళకనీ ఇస్తారు. కిడ్నీ జబ్బులో ఎక్కిళ్ళు మామూలే, కాబట్టి ఇది మనవాళ్ళ చేతికి తరచుగా వస్తుంది. కిడ్నీలు పనిచెయ్యని మనిషి ఒకటి రెండు మాత్రలకే స్పృహ తప్పే స్థితికి పోవచ్చు.

సర్పి లేచినప్పుడు రాసే అసైక్లోవిర్, వాలాసైక్లోవిర్. ఆస్పత్రిలో ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చే సెఫిపైమ్ ఇంజెక్షన్. నొప్పులకి ట్రమడాల్, మార్ఫిన్. దురదకి హైడ్రాక్సిజైన్, క్లోర్‌ఫెనిరమైన్, ఫెనిరమైన్. ఈ చివరి రకమే జలుబు మాత్రల్లోనూ దగ్గు సిరప్‌ల్లోనూ ఉంటుంది, చీటీ లేకుండా షాపులో దొరుకుతుంది. నిద్రకని ఆల్‌ప్రజోలం, అమిట్రిప్టిలిన్. వాంతులకి మెటోక్లోప్రమైడ్. ఎక్కువైన కాల్షియం, విటమిన్ డి. ఇవన్నీ చెడ్డ మందులని నేనడం లేదు. ఈ మనిషికి ఈ మోతాదు సరిపోతుందా అని కిడ్నీ డాక్టరుని అడగమంటున్నాను.

అలాగని మీ అంతట మీరు అన్నీ ఆపెయ్యకండి. నెలల తరబడి వేసుకుంటున్న బాక్లోఫెన్‌నో నిద్రమాత్రనో ఒక్కసారిగా ఆపితే ఆ ఆపడం వల్లే డెలీరియం రావచ్చు. రోజూ మద్యం తాగే అలవాటున్న మనిషి ఆస్పత్రిలో చేరి రెండు మూడు రోజులు మానేసినా అంతే, సిగ్గుపడకుండా ఆ సంగతి చెప్పాలి. మీరు చెయ్యాల్సింది ఇది: కొత్త మందు మొదలయ్యాక తికమక వస్తే తర్వాతి డోసు వెయ్యబోయే ముందు మీ కిడ్నీ డాక్టరుకి గానీ యూనిట్‌కి గానీ ఫోన్ చెయ్యండి. బాక్లోఫెన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అసైక్లోవిర్, సెఫిపైమ్ చాలావరకు డయాలసిస్‌తోనే బయటికి పోతాయి. కారణం ఇదని తెలిస్తే డాక్టర్లు అదనంగా ఒక డయాలసిస్ పెట్టి మనిషిని తిరిగి తీసుకురాగలుగుతారు.

ఆయుర్వేదం పొడులు, నాటుమందులు, గ్యాసుకి తాగే తెల్లటి సిరప్‌లు కూడా సంచిలో వెయ్యండి. ఆ సిరప్‌ల్లో చాలావాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. అలాగే ఎవరైనా స్టార్ ఫ్రూట్ పెట్టారేమో అడగండి. కోస్తే నక్షత్రంలా ఉండే ఆ పుల్లటి పండు మామూలువాళ్ళకి ఏమీ చెయ్యదు గానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి విషం. ఎక్కిళ్ళతో మొదలై తికమక, ఫిట్స్ దాకా పోతుంది.

6. డయాలసిస్‌కి ముందా, మధ్యలోనా, తర్వాతా

తికమక ఏ సమయంలో మొదలైందో గడియారం చూసి రాయండి. ఒకటి రెండు డయాలసిస్‌లు తప్పిన తర్వాత, వాంతులూ వికారంతో కలిసి వస్తే, మలినాలు పేరుకున్నాయని అనుమానం. డయాలసిస్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో, మిషను మీద ఉండగానో దిగాకనో తలనొప్పి, వాంతి, తికమక వస్తే, రక్తంలో యూరియా వేగంగా తగ్గి మెదడులో నీరు చేరడం వల్ల కావచ్చు. అందుకే మొదటి కొన్నిసార్లు తక్కువసేపు, నెమ్మదిగా చేస్తారు. "రెండు గంటలకే దింపేశారేంటి" అని యూనిట్లో గొడవపడే చుట్టాలకి ఇది చెప్పండి. నాలుగు గంటల షిఫ్టు చివర్లో వస్తే బీపీ పడిపోయిందేమో చూడాలి.

టెక్నీషియన్‌ని ఆ రోజు షీటు ఫోటో తీసుకోనివ్వమని మర్యాదగా అడగండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బరువు, ఎన్ని లీటర్లు తీశారు, బీపీ ఎంతకి దిగింది, పూర్తి సమయం చేశారా అన్నవి అందులో ఉంటాయి. ఇంకో ఆస్పత్రికి వెళ్ళాల్సివస్తే ఆ ఒక్క ఫోటో చాలా ప్రశ్నలకి జవాబు చెబుతుంది.

మే నెలలో విజయవాడ ఎండకి దాహం ఆపుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆవకాయా గోంగూర పచ్చడీ దాహాన్ని పెంచుతాయి, నీళ్ళు ఎక్కువవుతాయి, మర్నాడు మిషను మీద ఎక్కువ లీటర్లు లాగాల్సివస్తుంది, బీపీ పడిపోతుంది. తికమక వేసవిలో ఎక్కువసార్లు వచ్చే మనిషి ఇంట్లో ఉంటే, ఉప్పు తగ్గించడం నీళ్ళు తగ్గించడానికి మొదటి మెట్టు.

7. ఆస్పత్రిలో చెప్పాల్సిన మాటలు

క్యాజువాల్టీలో డాక్టరు గారికి ఉండేది రెండు నిమిషాలు. "బాలేదండి, ఏదోలా ఉన్నారండి" అంటే ఆ రెండు నిమిషాలూ అయిపోతాయి. ఇలా చెప్పండి:

"డయాలసిస్ పేషెంట్ అండి, వారానికి మూడుసార్లు. చివరిసారి సోమవారం పూర్తిగా అయింది. ఆదివారం దాకా బాగానే ఉన్నారు, పేపరు చదివారు. నిన్న సాయంత్రం నుంచి గుర్తుపట్టడం లేదు, కాసేపు బాగుంటున్నారు, కాసేపు బాగోవడం లేదు. షుగర్ ఇంత, బీపీ ఇంత. పది రోజుల కిందట పడ్డారు. నాలుగు రోజుల కిందట ఈ మాత్ర కొత్తగా మొదలైంది. ఫిస్టులా ఎడమ చేతికి ఉంది, ఆ చేతికి సూది వెయ్యొద్దండి."

తర్వాత అడగాల్సినవి అడగండి. షుగర్, సోడియం, పొటాషియం, కాల్షియం చూశారా? క్యాథెటర్ ఉంది కదా, యాంటీబయాటిక్ మొదలుపెట్టేలోపు బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు ఉన్నాయా చూసే పరీక్ష) తీస్తారా? తలకి దెబ్బ తగిలింది, సీటీ అవసరమా? వారాలుగా సరిగ్గా తినక, వాంతులతో ఉన్న మనిషైతే విటమిన్ బి1 గురించి అడగండి. అది డయాలసిస్‌లో కొంత పోతుంది, దాని లోటు కూడా తికమక తెస్తుంది, ఇంజెక్షన్‌తో సరిచెయ్యొచ్చు. వినయంగా అడిగితే ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు.

గుంటూరు జీజీహెచ్ అయినా, విజయవాడ ప్రభుత్వాసుపత్రి అయినా, మంగళగిరి ఎయిమ్స్ అయినా, ప్రైవేటైనా, షిఫ్టు మారినప్పుడల్లా కొత్త డాక్టరు వస్తారు. వచ్చిన ప్రతివాళ్ళకీ డయాలసిస్ సంగతి మళ్ళీ చెప్పండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్, నోటుపుస్తకం, మందుల సంచి ఒకే బ్యాగులో ఉంచండి.

8. పక్కన కూర్చునే పద్ధతి

కారణానికి చికిత్స జరుగుతుండగా మెదడు తేరుకోవడానికి పక్కనున్న మనిషి చేసేది తక్కువేమీ కాదు. పదిమంది చుట్టాలు మంచం చుట్టూ నిలబడి "నన్ను గుర్తుపట్టావా, నేనెవర్ని" అని ఒకరి తర్వాత ఒకరు పరీక్ష పెట్టడం ఆపండి. ఒకరిద్దరే మార్చి మార్చి ఉండండి. వచ్చిన ప్రతిసారీ మీరే చెప్పండి: "మామయ్య గారూ, నేను మీ పెద్దకోడల్ని. మనం గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాం. ఇవాళ బుధవారం, పొద్దున్న." గోడమీద పురుగులున్నాయంటే లేవని వాదించొద్దు, ఉన్నాయని ఒప్పుకోవద్దు. "భయపడకండి, నేనిక్కడే ఉన్నాను" అంటే చాలు.

కళ్ళజోడు, చెవి మిషను, కట్టుడుపళ్ళు ఇంటి దగ్గర మర్చిపోకండి. పగలు కర్టెన్ తీసి వెలుతురు రానివ్వండి, కుదిరితే కూర్చోబెట్టండి, సిస్టర్ ఒప్పుకుంటే నాలుగడుగులు వేయించండి. రాత్రి లైటు తగ్గించి, ఫోన్లు మూసేసి నిద్రపోనివ్వండి. పొద్దుగూకాక తికమక ఎక్కువవుతుంది, ఆ వేళకి బాగా తెలిసిన మనిషి పక్కన ఉండేలా చూసుకోండి. విరేచనం ఎన్ని రోజులకి అయింది, ఇంకా మూత్రం వచ్చే మనిషైతే అది బిగిసిందా, ఎక్కడైనా నొప్పి ఉందా అని గమనించండి. నోరు తెరిచి చెప్పలేని మనిషికి ఇవి కూడా తికమక పెంచుతాయి.

మిషను మీద ఉన్నంతసేపూ ఒక మనిషిని లోపలికి అనుమతించమని యూనిట్‌ని అడగండి. ఫిస్టులా ఉన్న చేతి పక్కనే కూర్చోండి. సూదులు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి, దుప్పటి కప్పకూడదు. సూది ఊడితే ఆ చోట వేళ్ళతో గట్టిగా అదిమిపట్టి కేక వెయ్యండి. క్యాథెటర్ లాగేసుకుంటే కూడా ముందు అదమడం, తర్వాత పిలవడం.

9. ఇంటికి వచ్చాక

కారణం సరైనా మనసు వెంటనే తేటపడకపోవచ్చు. కొందరికి రెండు రోజులు, కొందరికి వారాలు పడుతుంది. కొందరు పూర్తిగా మునుపటిలా కారు. ఇది ముందే తెలిస్తే "ఇంకా ఇలాగే ఉన్నారేంటి" అని వాళ్ళని విసుక్కోవడం తగ్గుతుంది. ఆ రోజుల్లో చూసిన భయాలు కొందరికి గుర్తుంటాయి, సిగ్గుపడతారు. ఒంట్లో బాగోక అలా జరిగిందని, అందులో వాళ్ళ తప్పేమీ లేదని నిదానంగా చెప్పండి.

పూర్తిగా తేరుకునేదాకా ఇన్సులిన్, మాత్రలు ఇంకొకరి చేతుల మీదుగానే జరగాలి. డయాలసిస్‌కి ఒంటరిగా బస్సులో పంపకండి. బాత్‌రూంలో పట్టుకోడానికి ఏదైనా అమర్చండి. ఏ మందు వల్ల వచ్చిందో తెలిస్తే ఆ పేరు నోటుపుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయండి. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. రెండు మూడు నెలల తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి, ఈలోపు చేస్తే ఫలితం నమ్మలేం. మనసు తేటగా ఉన్న రోజున, ముందుముందు ఇలాంటి పరిస్థితి వస్తే ఏం కావాలో, ఏం వద్దో ఆయన్నే అడిగి తెలుసుకోండి. అడగడానికి నోరు రాదు, తెలుసు. అయినా అడగాలి, అవసరం వచ్చిన రోజున ఆయన చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు.

ఒకటి మాత్రం డిశ్చార్జి తర్వాత మొదటి డయాలసిస్ రోజునే చెయ్యాలి. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో తిండి లేక మనిషి కండ తగ్గుతుంది. పాత డ్రై వెయిట్ లెక్కతోనే నీళ్ళు తీస్తే, తగ్గిన కండ బరువంతా నీళ్ళ రూపంలో ఒంట్లోనే ఉండిపోతుంది. రాత్రి పడుకుంటే ఆయాసం, పెరిగిన బీపీ, మళ్ళీ క్యాజువాల్టీ. మిషను ఎక్కే ముందే యూనిట్ డాక్టరుతో "సార్, పది రోజులు సరిగ్గా తినలేదు, డ్రై వెయిట్ మళ్ళీ చూడండి" అని చెప్పి, వాళ్ళు చెప్పిన కొత్త అంకెని నోటుపుస్తకంలో పాతది కొట్టేసి రాయండి.